గ్రహాలు ఎన్ని? ఏ లెక్క ప్రకారం?

మన బడిలో వారాల పేర్ల పాఠం చెప్పిన ప్రతి ఏడాదీ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆదివారం సూర్యుడిది, సోమవారం చంద్రుడిది, మంగళవారం కుజుడిది అని చెప్పుకుంటూ పోతే, "సూర్యుడు నక్షత్రం కదా, గ్రహాల్లో ఎందుకు కలిపారు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇంకొకరు "గుడిలో తొమ్మిది గ్రహాలున్నాయి, మా స్కూల్లో ఎనిమిదే అంటున్నారు" అంటారు. తల్లిదండ్రుల్లో చాలామంది ప్లూటోతో కలిపి తొమ్మిది అని బట్టీ పట్టి పరీక్షలు రాసినవాళ్లే. "మధ్యలో ఎవరో ఒకదాన్ని తీసేశారట" అని నవ్వి ఊరుకుంటారు.

"అది పాత నమ్మకం, ఇది సైన్సు" అని ఒక్క ముక్కలో తేల్చేయడం తేలికే. కానీ అలా తేల్చిన ప్రతిసారీ పిల్లల మనసులో ఇంకో పాఠం కూడా నాటుకుంటుందని మా భయం. తెలుగులో ఉన్నవి అమ్మమ్మల కబుర్లు, ఇంగ్లీషులో ఉన్నవి నిజాలు అన్న పాఠం అది. శని, ఆదివారాలు ఆటపాటలు మానుకుని బడికి వచ్చే పిల్లలకు మనం ఇవ్వవలసినది అది కాదు. పైగా అది నిజం కూడా కాదు. గ్రహం అంటే ఏమిటో శాస్త్రవేత్తలు ఇప్పటికి ఎన్నోసార్లు మార్చుకున్నారు. నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదంలో మనం ఉంటున్న న్యూజిలాండ్‌కు కూడా చెప్పుకోదగ్గ పాత్ర ఉంది. ఆ కథ ఏమిటో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మన మాటలో ఏముంది?

గ్రహం సంస్కృతం నుంచి మనకు వచ్చిన మాట. పట్టుకోవడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది. దీని చుట్టాలు తెలుగులో చాలానే ఉన్నాయి. గ్రహణం అంటే పట్టడం. అందుకే సూర్యగ్రహణం "పట్టింది", "విడిచింది" అంటాం. గ్రహించడం అంటే మనసుతో పట్టుకోవడం. గ్రహీత అంటే అందుకున్నవాడు. సంగ్రహం అంటే ఒకచోట కూర్చి పట్టుకున్నది.

ఇప్పుడు ఆకాశం చూద్దాం. రాత్రిపూట కనిపించే చుక్కల్లో దాదాపు అన్నీ ఒకదానికొకటి దూరం మారకుండా, గుంపుగా తూర్పున ఉదయించి పడమట అస్తమిస్తాయి. మనం కృత్తికలు అనే గుంపునే ఇక్కడి మావోరీలు మాతారికి అంటారు. 2022 నుంచి దానికి ఇక్కడ ప్రభుత్వ సెలవు కూడా ఉంది. ఆ గుంపు మన తాతముత్తాతలు చూసినప్పుడు ఎలా ఉందో ఈ రోజూ అలాగే ఉంది. కానీ ఏడు మాత్రం ఆ చుక్కల మధ్య నుంచి రోజురోజుకీ జరుగుతూ పోతాయి. అవి సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని. వారాలకు పేర్లిచ్చిన ఏడూ ఇవే. గ్రీకులు కూడా సరిగ్గా ఈ ఏడింటినే లెక్కపెట్టి, తమ భాషలో "తిరుగాడేవి" అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇంగ్లీషు ప్లానెట్ అన్న మాట అక్కడి నుంచే వచ్చింది.

అంటే ఆనాటి నిర్వచనం చాలా స్పష్టం: చుక్కల మధ్య కదిలేది గ్రహం. ఆ నిర్వచనం ప్రకారం సూర్యుడు గ్రహమే, చంద్రుడు గ్రహమే. భూమి మాత్రం కాదు, ఎందుకంటే మనం దాని మీదే నిలబడి చూస్తున్నాం.

మరి రాహుకేతువులు? చంద్రుడు తిరిగే దారి, సూర్యుడు కదులుతున్నట్టు కనిపించే దారి ఆకాశంలో రెండు చోట్ల ఒకదాన్నొకటి దాటుతాయి. ఆ రెండు స్థానాలే రాహువు, కేతువు. అక్కడ రాయీ లేదు, మట్టీ లేదు. కానీ ఆ స్థానాలు కూడా కదులుతాయి, అదీ వెనక్కి. ఒక చుట్టు పూర్తి కావడానికి సుమారు 18.6 ఏళ్లు పడుతుంది. గ్రహణం ఎప్పుడు వస్తుందో చెప్పాలంటే ఆ స్థానాలు తెలియాలి. గ్రహణాలు నీడల వల్లే వస్తాయని ఆర్యభటుడు 499 నాటికే రాశాడు. పంచాంగం కట్టేవాళ్లకు "దేని స్థానం లెక్కగట్టాలి?" అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు తొమ్మిది.

ఈ లెక్క నేటికీ పని చేస్తోంది. గురుడు సింహరాశిలో ప్రవేశిస్తే గోదావరికి, కన్యారాశిలో ప్రవేశిస్తే కృష్ణకు పుష్కరాలు. గురుడు సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి 11.86 ఏళ్లు పడుతుంది కాబట్టి ఒక్కో నదికి పన్నెండేళ్లకొకసారి పుష్కరం వస్తుంది. కాలాన్ని కొలిచే పెద్ద గడియారంలో గ్రహాలు ముళ్లన్న మాట.

మొదటి పెద్ద మార్పు

1543లో కోపర్నికస్ పుస్తకం అచ్చయింది. భూమి, మిగతావి సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయని అందులో చెప్పాడు. ఆ మాట స్థిరపడ్డాక నిర్వచనం తలకిందులైంది. సూర్యుడి చుట్టూ తిరిగేది గ్రహం. దాంతో సూర్యుడు జాబితాలోంచి బయటికి వెళ్లాడు, భూమి లోపలికి వచ్చింది. చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతాడు కాబట్టి ఉపగ్రహమయ్యాడు. ఆకాశంలో మాత్రం ఏ మార్పూ జరగలేదని గమనించండి. మనిషి వేసుకున్న ప్రశ్న మారింది. "ఏవి కదులుతున్నాయి?" అన్న ప్రశ్న పోయి "ఏవి దేని చుట్టూ తిరుగుతున్నాయి?" అన్న ప్రశ్న వచ్చింది.

1781లో విలియం హెర్షెల్ యురేనస్‌ను కనుగొన్నాడు. గ్రహాలు ఏడయ్యాయి.

సెరెస్ కథ

ప్లూటోకు జరిగినది అంతకు ముందెన్నడూ జరగలేదని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. 1801 జనవరి 1న ఇటలీలోని పాలెర్మోలో పియాజీ అనే ఖగోళ శాస్త్రవేత్త కుజుడికి, గురుడికి మధ్య తిరిగే ఒక కొత్త వస్తువును చూశాడు. దానికి సెరెస్ అని పేరు పెట్టారు. అందరూ దాన్ని గ్రహమనే అన్నారు. 1802లో పాలస్, 1804లో జూనో, 1807లో వెస్టా దొరికాయి. వాటినీ గ్రహాల జాబితాలోనే చేర్చారు. అప్పుడు బడిలో చదువుకున్న పిల్లలు పదకొండు గ్రహాల పేర్లు బట్టీ పట్టవలసి వచ్చింది.

1845లో అయిదోది, ఆ తర్వాత వరసగా ఇంకెన్నో అదే ప్రాంతంలో దొరకడం మొదలైంది. 1846లో నెప్ట్యూన్ కూడా చేరింది. జాబితా చేంతాడంత అవుతుంటే, కుజుడికి, గురుడికి మధ్య ఉన్నవన్నీ ఒకే మందలోవని శాస్త్రవేత్తలు గుర్తించారు. 1850ల నాటికి వాటిని వేరుచేసి గ్రహశకలాలు అన్నారు. సెరెస్ సుమారు యాభై ఏళ్లు గ్రహంగా ఉండి, దిగిపోయింది. దాని కోసం ఊరేగింపులు చేసినవారు లేరు. తొమ్మిది గ్రహాలని చదువుకున్న మనకు సెరెస్ ఊసే ఎవరూ చెప్పలేదు.

ప్లూటో వచ్చింది

1930 ఫిబ్రవరి 18న అమెరికాలో అరిజోనాలోని లోవెల్ అబ్జర్వేటరీలో క్లైడ్ టోంబా అనే యువకుడు రెండు ఫోటోలు పోల్చి చూస్తూ, వాటిలో కదిలిన ఒక చిన్న చుక్కను పట్టుకున్నాడు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన వెనీషియా బర్నీ అనే పదకొండేళ్ల అమ్మాయి ప్లూటో అన్న పేరు సూచించింది. మన బడి పిల్లల ఈడుదే!

మొదట్లో ప్లూటో భూమి అంత ఉంటుందని అంచనా వేశారు. చూసేకొద్దీ అది చిన్నదవుతూ వచ్చింది. 1978లో దాని ఉపగ్రహం షారన్ కనిపించాక బరువు సరిగ్గా లెక్క తేలింది. 450కి పైగా ప్లూటోలు కలిస్తే గానీ ఒక భూమి కాదు. మన చంద్రుడే దానికి అయిదు రెట్లకు పైగా బరువు. అడ్డుకొలత 2,377 కి.మీ. మాత్రమే. దాని దారి కూడా ఏటవాలు. 248 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతూ, మధ్యలో కొంతకాలం నెప్ట్యూన్ కంటే సూర్యుడికి దగ్గరగా వస్తుంది. 1979 నుంచి 1999 వరకు అలాగే జరిగింది.

1992లో డేవిడ్ జెవిట్, జేన్ లూ ప్లూటో ప్రాంతంలోనే మరో చిన్న వస్తువును కనుగొన్నారు. తర్వాత వందలు దొరికాయి. సెరెస్ కథే మళ్లీ మొదలైందన్న మాట. 2005 జూలైలో మైక్ బ్రౌన్ బృందం ప్లూటో అంత ఉన్న మరో వస్తువును ప్రకటించింది. దాని బరువు ప్లూటో కంటే సుమారు 27 శాతం ఎక్కువని తరువాత తేలింది. ప్లూటో గ్రహమైతే ఇదీ గ్రహం కావాలి. ఇది కాకపోతే ప్లూటో కూడా కాకూడదు. దానికి చివరికి పెట్టిన పేరు ఎరిస్. గ్రీకు పురాణాల్లో ఆమె కలహాల దేవత, మన నారదుడికి అక్క వరస అనుకోవచ్చు. పేరు భలే కుదిరింది.

ప్రాగ్ నగరంలో ఓటు

ఆకాశంలోని వస్తువుల పేర్లు, వర్గాలు తేల్చే సంస్థ అంతర్జాతీయ ఖగోళ సంఘం. 1919లో పుట్టింది. హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదువుకున్న వేణు బప్పు 1979 నుంచి 1982 వరకు ఈ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారన్నది మనం గర్వంగా చెప్పుకోవలసిన మాట.

2006 ఆగస్టులో ఈ సంఘం సమావేశం ప్రాగ్‌లో జరిగింది. ఆగస్టు 16న బయటపెట్టిన మొదటి చిత్తుప్రతి ప్రకారం గుండ్రంగా ఉండి సూర్యుడి చుట్టూ తిరిగేవన్నీ గ్రహాలే. అప్పుడు సెరెస్, షారన్, ఎరిస్ కలిసి మొత్తం పన్నెండు అయ్యేవి. చాలామంది ఒప్పుకోలేదు. వారం రోజుల వాదోపవాదాల తర్వాత ఆగస్టు 24న మరో తీర్మానం ఓటుకు వచ్చింది. సభ నడిపిన జోసెలిన్ బెల్ బర్నెల్ ఒక గొడుగు, కుక్క బొమ్మ తెచ్చి, ఏది ఏ వర్గం కిందికి వస్తుందో సభ్యులకు చూపించారు. పసుపు కార్డులు పైకెత్తి ఓటు వేశారు. నెగ్గిన నిర్వచనంలో మూడు షరతులున్నాయి.

ఒకటి, అది సూర్యుడి చుట్టూ తిరగాలి.

రెండు, తన గురుత్వాకర్షణతో తానే గుండ్రంగా అయ్యేంత బరువుండాలి.

మూడు, తన కక్ష్య చుట్టుపక్కల ప్రాంతాన్ని ఊడ్చి శుభ్రం చేసుకుని ఉండాలి.

మూడూ ఉంటేనే గ్రహం. మొదటి రెండూ ఉండి మూడోది లేకపోతే, ఉపగ్రహం కూడా కాకపోతే, అది మరుగుజ్జు గ్రహం. ప్లూటో, ఎరిస్, సెరెస్ ఈ వర్గంలోకి వచ్చాయి. 2008లో మాకెమాకె, హౌమియా చేరాయి. ఈ చివరి రెండూ పాలినీషియన్ దేవతల పేర్లు. ఒకటి రాపా నుయి దీవిది, ఇంకొకటి హవాయిది. మావోరీ భాష కుటుంబానికి చెందిన పేర్లే అవి.

మూడో షరతును కొంచెం వివరంగా చూద్దాం. ఊడ్చడం అంటే తన దారిలో పడ్డవాటిని గురుత్వాకర్షణతో లాక్కోవడం, దూరంగా విసిరేయడం, లేదా తన అదుపులో తిప్పుకోవడం. భూమి బరువు తన దారిలోని మిగతా సరుకంతా కలిపిన దానికి సుమారు 17 లక్షల రెట్లు. ఎనిమిది గ్రహాలకూ ఈ సంఖ్య వేలల్లోనో లక్షల్లోనో ఉంటుంది. సెరెస్‌కు మూడో వంతు. ప్లూటోకు పదో వంతు కూడా లేదు. మధ్యలో ఎవరూ లేరు. గీత గీయడానికి ఇంత పెద్ద ఖాళీ దొరికితే అక్కడే గీయాలి కదా అన్నది ఈ పక్షం వాదం.

వాదం ఎందుకు ఆగలేదు?

అవతలి పక్షానికీ బలమైన మాటలే ఉన్నాయి. ప్లూటో దగ్గరికి అంతరిక్ష నౌకను పంపిన బృందానికి నాయకుడు ఆలన్ స్టెర్న్, ఇంకా చాలామంది గ్రహ భూగర్భ శాస్త్రవేత్తలు ఇలా అడుగుతారు: ఒక వస్తువు ఏమిటో చెప్పడానికి అది ఎక్కడ ఉందో ఎందుకు చూడాలి? బుధుణ్ణి తీసుకెళ్లి ప్లూటో స్థానంలో పెడితే, ఆ విశాలమైన దారిని ఊడ్చే శక్తి దానికి చాలదని లెక్కలు చెబుతాయి. అదే బుధుడు, అదే రాయి. ఇక్కడ గ్రహం, అక్కడ మరుగుజ్జా? గుండ్రంగా ఉండటానికి చాలినంత బరువుంటే చాలు, దాన్ని గ్రహమనండి అన్నది వీరి మాట. అలా అంటే మన చంద్రుడు, బుధుడి కంటే పెద్దవైన గనిమీడ్, టైటన్‌తో సహా గ్రహాల సంఖ్య వంద దాటుతుంది. చంద్రుడు మళ్లీ గ్రహం! మన అమ్మమ్మ లెక్కలో ఆ ఒక్క పేరూ వాళ్ల జాబితాలోకి తిరిగి వస్తుంది, కారణం మాత్రం వేరు.

ఇంకో అభ్యంతరం ఓటు మీద. సంఘంలో తొమ్మిది వేలకు పైగా సభ్యులుంటే, ఆ రోజు ఓటు వేసినవారు 424 మందే అంటారు. సైన్సును ఓట్లతో తేలుస్తారా అని కూడా అడిగారు. ఇది మంచి ప్రశ్న. ప్లూటో బరువెంతో ఓటు వేసి తేల్చలేం. దాన్ని కొలవాలి. కానీ ఏ మాటను దేనికి వాడాలన్నది మనుషులు కూర్చుని ఒప్పుకోవలసిన విషయం. ఈ రెండింటి తేడా పిల్లలకు తెలిస్తే ఈ పాఠం సగం వచ్చినట్టే.

మనింట్లోంచే ఒక ఉదాహరణ చెబుతాం. మామిడికాయ, మామిడిపండు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే పేరు. చెట్టు గురించి చదివే శాస్త్రవేత్తకు రెండూ ఒకటే వస్తువు. కానీ ఆవకాయ పెట్టే నాయనమ్మ ముందు మామిడిపండ్లు పెట్టి "ఇదీ అదే కదా" అని చూడండి! ఆమె లెక్కలో అవి రెండు వేరు వేరు సరుకులు. తప్పు ఎవరిదీ కాదు. ఎవరి పని వారిది, ఆ పనికి తగిన విభజన వారిది. అడగవలసిందల్లా ఒక్కటే: ఏ పని కోసం ఈ లెక్క?

ప్లూటో నీడ మన మీద పడిన రోజులు

ఇక న్యూజిలాండ్ సంగతి. 1988 జూన్ 9న ప్లూటో ఒక దూరపు నక్షత్రానికి అడ్డం వచ్చింది. ఆ నీడ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, పసిఫిక్ మహాసముద్రం ప్రాంతంలో పడింది. ప్లూటోకు గాలి లేకపోతే నక్షత్రం స్విచ్ ఆపినట్టు టక్కున ఆరిపోవాలి. గాలి ఉంటే వెలుగు మెల్లగా తగ్గాలి. ఆక్లండ్, మార్ల్‌బరోలోని బ్లాక్ బర్చ్, టెకపో సరస్సు పక్కనున్న మౌంట్ జాన్ నుంచి, ఆస్ట్రేలియాలో మరికొన్ని చోట్ల నుంచి, సముద్రం మీద ఎగిరిన నాసా విమానం నుంచి చూశారు. వెలుగు మెల్లగా తగ్గింది. ప్లూటోకు పల్చని వాతావరణం ఉందని అలా రూఢి అయింది.

2015 జూన్ 30 తెల్లవారుజామున మళ్లీ అలాంటి నీడే మన మీదుగా వెళ్లింది. ఈసారి నాసా వారి సోఫియా విమానం, లోపల రెండున్నర మీటర్ల దూరదర్శినితో, క్రైస్ట్‌చర్చ్ నుంచి బయల్దేరి నీడలోకి ఎగిరింది. మౌంట్ జాన్ నుంచీ చూశారు. రెండు వారాల తర్వాత, జూలై 14న, న్యూ హొరైజన్స్ నౌక ప్లూటో పక్కగా దూసుకెళ్లి ఫోటోలు పంపింది. అదే రోజు అక్కడ గోదావరి పుష్కరాలు మొదలయ్యాయి. రాజమండ్రిలో ఆ మొదటి రోజు జరిగిన తొక్కిసలాట విషాదం వల్ల ఆ తేదీ మనలో చాలామందికి మరుపురాదు. ఒకే రోజున, గ్రహమనే మాటకున్న పాత లెక్క ప్రకారం లక్షల మంది నదికి వెళ్లారు. కొత్త లెక్కలో గ్రహం కాని చోటికి మనిషి పంపిన యంత్రం చేరింది.

ఆ ఫోటోల్లో ఏముంది? గడ్డకట్టిన నైట్రోజన్ మైదానం. దాని అంచున నీటి మంచుతో ఏర్పడిన పర్వతాలు. కొన్ని సుమారు 3,500 మీటర్ల ఎత్తు. మన ఆవొరాకి 3,724 మీటర్లు. అక్కడి రెండు పర్వత శ్రేణులకు టెన్సింగ్, హిల్లరీ పేర్లు పెట్టారు. 2017లో ఖగోళ సంఘం వాటిని ఆమోదించింది. ప్లూటోను గ్రహాల్లోంచి తీసిన సంఘమే అది! అయిదు డాలర్ల నోటు మీద రోజూ చూసే ఎడ్మండ్ హిల్లరీ పేరు ప్లూటో మీద కూడా ఉందని పిల్లలకు చెప్పండి. జాబితాలోంచి పేరు తీసినంత మాత్రాన ఆ పర్వతాలు ఒక్క అంగుళం కూడా తగ్గలేదు.

సూర్యుడు లేని గ్రహాలు

నిర్వచనంలో మొదటి షరతు మళ్లీ చదవండి. "సూర్యుడి చుట్టూ" అని ఉంది. మరి వేరే నక్షత్రాల చుట్టూ తిరిగేవి? 2025 నాటికి అలాంటివి 6,000 దాటాయి. 2006 నాటి నిర్వచనం వాటికి వర్తించదు. వాటికి సంఘంలోని వేరే బృందం పెట్టుకున్న వేరే నియమాలున్నాయి. 2019లో సంఘం నూరేళ్ల సందర్భంగా ఒక్కో దేశానికి ఒక్కో జంటకు పేరు పెట్టే అవకాశం ఇచ్చినప్పుడు, న్యూజిలాండ్ నక్షత్రానికి కరాకా అని, దాని గ్రహానికి కెరెరూ అని పేర్లు పెట్టింది. కరాకా పండ్లు తినే పావురం కెరెరూ.

ఇలాంటి గ్రహాల వేటలో ఈ దేశానికి మంచి స్థానముంది. మన పాలపుంత నడిబొడ్డు చలికాలంలో ఇక్కడ నడినెత్తికి వస్తుంది. పైగా చిలీలో తెల్లవారేసరికి ఇక్కడ చీకటి పడుతుంది కాబట్టి వాళ్లు ఆపినచోట మనం అందుకోవచ్చు. ఒక నక్షత్రం ముందు నుంచి మరొకటి వెళ్తే, ముందున్న దాని గురుత్వాకర్షణ భూతద్దంలా పనిచేసి వెనక నక్షత్రం వెలుగును పెంచుతుంది. ముందున్న నక్షత్రానికి గ్రహముంటే ఆ వెలుగులో చిన్న కుదుపు కనిపిస్తుంది. 2005లో ఇలా ఒక గ్రహాన్ని పట్టుకున్న అంతర్జాతీయ బృందంలో ఇద్దరు ఆక్లండ్ వాసులు, జెన్నీ మెకార్మిక్, గ్రాంట్ క్రిస్టీ ఉన్నారు. జెన్నీ గారిది ఫార్మ్ కోవ్‌లోని తన ఇంటి అబ్జర్వేటరీ. అది ఆమెకు ఉద్యోగం కాదు, ఇష్టంతో చేస్తున్న పని.

మౌంట్ జాన్‌లో జపాన్, న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు కలిసి నడుపుతున్న మోవా అనే ప్రాజెక్టు ఉంది. ఈ దేశంలో అంతరించిపోయిన పెద్ద పక్షి పేరది. 1.8 మీటర్ల దూరదర్శినితో వారు రాత్రికి కోట్ల నక్షత్రాలను చూస్తారు. 2011లో ఈ బృందం ఒక వింత విషయం ప్రకటించింది. రెండు రోజుల్లోపే ముగిసిపోయిన వెలుగు పెరుగుదలలు పది దొరికాయి. అడ్డం వచ్చినవి గ్రహమంత బరువున్నవి, కానీ దగ్గరలో ఏ నక్షత్రమూ కనిపించలేదు. చీకట్లో ఒంటరిగా తిరుగుతున్నాయన్న మాట. గురుడంత పెద్దవి మొదట అనుకున్నంత ఎక్కువ లేవని 2017లో పోలండ్ బృందం తేల్చింది. తొమ్మిదేళ్ల మోవా పరిశీలనలతో 2023లో వచ్చిన అంచనా ప్రకారం చిన్నవి మాత్రం చాలా ఉన్నాయి. మన పాలపుంతలో నక్షత్రాల కంటే ఇలాంటివి సుమారు ఇరవై రెట్లు ఉండవచ్చట.

దేని చుట్టూ తిరగనిదాన్ని గ్రహం అనవచ్చా? నిర్వచనం ప్రకారం కూడదు. వాడుకలో శాస్త్రవేత్తలే "ఒంటరి గ్రహాలు" అంటున్నారు. పదిహేడేళ్లలో మన కొలతలు ఎదిగిపోయాయి, చొక్కా బిగుతైంది. 2024లో జాన్ లూక్ మార్గో, మరో ఇద్దరు కలిసి కొత్త నిర్వచనం ప్రతిపాదించారు. ఏ నక్షత్రం చుట్టూ తిరిగినా సరే, బరువు ఇంత కంటే ఎక్కువ, ఇంత కంటే తక్కువ ఉంటే గ్రహమనాలని అందులో ఉంది. ఆ ఏడాది ఆగస్టులో కేప్‌టౌన్ సమావేశంలో దాన్ని వినిపించారు. ఓటు జరగలేదు. 2006 నాటి నిర్వచనమే అమల్లో ఉంది. కొత్తదాని ప్రకారం కూడా ప్లూటో గ్రహం కాదు, ఒంటరివీ కావు.

పిల్లలకు ఏం చెబుదాం?

గ్రహాలు ఎన్ని అని అడిగితే మేము ఇలా చెప్పాలనుకుంటున్నాం. స్కూల్లో, పరీక్షలో, సైన్సు పుస్తకంలో ఎనిమిది. ఖగోళ సంఘం 2006లో పెట్టుకున్న నియమం అది. గుడిలో, పంచాంగంలో తొమ్మిది. భూమి మీద నిలబడి చూసేవారు ఆకాశంలో లెక్కగట్టవలసిన స్థానాలు అవి. అమ్మానాన్నల పాత పుస్తకంలో ప్లూటోతో తొమ్మిది. అది 1930 నుంచి 2006 వరకు నడిచిన లెక్క. ఇవన్నీ కలిపేస్తే గందరగోళం. ఏ లెక్కో చెప్పి లెక్కపెడితే గందరగోళం లేదు.

ఒక జాగ్రత్త కూడా అవసరం. అన్ని లెక్కలూ సరైనవే అంటే ఎవరేమన్నా నిజమేనని కాదు. సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతున్నాడంటే అది తప్పే, ఏ భాషలో అన్నా తప్పే. పంచాంగంలో సూర్యుణ్ణి గ్రహమన్నారు కాబట్టి మనవాళ్లకు ఏమీ తెలియదనడమూ తప్పే. మాటకు అర్థం మనుషులు పెడతారు. వస్తువు ఎలా ఉందో వస్తువే చెప్పాలి. రెండు భాషలు వచ్చిన పిల్లలకు ఇది త్వరగా అర్థమవుతుంది. ఒకే వస్తువుకు రెండు పేర్లు, ఒకే పేరుకు రెండు అర్థాలు వాళ్లకు రోజూ ఎదురయ్యేవే కాబట్టి.

అభ్యాసం

1. గ్రహణం, గ్రహీత, సంగ్రహం, అనుగ్రహం, విగ్రహం, ఆగ్రహం: ఈ మాటల అర్థాలు పెద్దవాళ్లను అడిగి రాయండి. "పట్టుకోవడం" అన్న అర్థం దేనిలో స్పష్టంగా కనిపిస్తోంది?

2. వంటింట్లో అయిదారు రకాల పప్పులు గుప్పెడు చొప్పున కలపండి. మొదట రంగును బట్టి, తర్వాత సైజును బట్టి, తర్వాత వేటితో ఏ వంట చేస్తారో దాన్ని బట్టి వేరు చేయండి. ప్రతిసారీ ఎన్ని కుప్పలు వచ్చాయి? సంఖ్య ఎందుకు మారింది?

3. గురుడో కుజుడో కనిపించే రోజుల్లో, దాని పక్కనున్న చుక్కలతో కలిపి కాగితం మీద బొమ్మ గీయండి. వారానికొకసారి చొప్పున ఆరు వారాలు గీసి పోల్చండి. ఇక్కడ గ్రహాలు ఉత్తరం వైపు ఆకాశంలో కనిపిస్తాయని గుర్తుంచుకోండి. ఏ చుక్క కదిలింది? ఎటు కదిలింది?

4. తరగతిలో రెండు జట్లుగా విడిపోయి తెలుగులో వాదించండి. ఒక జట్టు: "ప్లూటో గ్రహమే." ఇంకో జట్టు: "కాదు." ఒక నియమం ఉంది. ప్రతి ఒక్కరూ తమ మాట మొదలుపెట్టే ముందు "మా లెక్క ప్రకారం గ్రహం అంటే..." అని చెప్పి తీరాలి.